దుబాయ్ నుంచి ఏం తెచ్చినవ్?

గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చినవాణ్ణి మా వైపు అందరూ అడిగే మొదటి మాట ఒకటే: "ఏం తెచ్చినవ్?" పిల్లలకు చాక్లెట్లు కావాలి, బావలకు సెంటు సీసాలు కావాలి, పెద్దవాళ్ళకు మందపాటి దుప్పటి కావాలి. 2019 మార్చిలో నేను శంషాబాద్‌లో దిగి, నిజామాబాద్ వైపు వర్ని పక్కనున్న మా ఊరికి చేరేసరికి ఇంటి ముందు పదిహేను మంది కూర్చుని ఉన్నారు. పెట్టె విప్పాను, తెచ్చినవి పంచాను. గంటలో పెట్టె ఖాళీ అయింది.

పదమూడేళ్ళు అక్కడ పనిచేశాను. హెల్పర్‌గా వెళ్ళి స్కాఫోల్డర్, అంటే పరంజా కట్టేవాణ్ణి అయ్యాను. తర్వాత పరంజా తనిఖీ చేసి, ఎక్కవచ్చంటే పచ్చ ట్యాగు, ఎక్కకూడదంటే ఎర్ర ట్యాగు వేసే పని నేర్చుకున్నాను. ఆ పదమూడేళ్ళలో నా చేతికీ కంటికీ పట్టిన అలవాట్ల గురించి మాత్రం ఆ రోజు ఎవరూ అడగలేదు. తర్వాత కూడా అడగలేదు. అమెరికా నుంచి సెలవుకు వచ్చిన మా ఊరి పిల్లవాణ్ణి రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి "అక్కడ రోడ్లు ఎట్లుంటయ్, బడులు ఎట్లుంటయ్, మన దగ్గర ఏం మారాలె" అని అడగడం చూశాను. అడగాల్సిందే, ఆ పిల్లవాడు బాగా చెప్పాడు కూడా. అయితే పక్కనే నిలబడ్డ నలుగురు గల్ఫ్ వాళ్ళను కూడా అదే మాట అడిగి ఉంటే బాగుండేదని ఆ రోజు నుంచి నా మనసులో ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో, కోకాపేటలో ఒక టవర్ పనిలో స్కాఫోల్డింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని పేపర్లన్నీ రాసిన చోటు ఆ చుట్టుపక్కలే. కానీ మొదట చెప్పాల్సింది ఇంతకుముందు చేసిన సైటు సంగతి. దాని పేరు చెప్పను.

నేను అక్కడ చేరిన రెండో నెలలో ఒక పిల్లవాడు పడిపోయాడు. జార్ఖండ్ నుంచి వచ్చాడు, పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. షటరింగ్‌కు, అంటే కాంక్రీటు పోసే అచ్చుకు, ప్లైవుడ్ ముక్క కావాలని మేస్త్రీ పంపిస్తే, స్లాబు మీద పడున్న ముక్క ఒకటి కనిపించింది. రెండు చేతులతో ఎత్తి ఛాతీకి అడ్డంగా పట్టుకున్నాడు. అలా పట్టుకుంటే కాళ్ళ ముందు ఏముందో కనిపించదు. ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ ముక్క పడున్న చెక్క కాదు, పైపుల కోసం స్లాబులో వదిలిన కటౌట్ మీద కప్పిన మూత. ఒక అంతస్తు కిందకు పడ్డాడు. బతికాడు, తుంటి ఎముక విరిగింది. తండ్రి వచ్చి రైల్లో తీసుకెళ్ళాడు.

దుబాయ్‌లో నాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఇది ఒకటి. కటౌట్ మీద మూత పెడితే నాలుగు వైపులా మేకులు కొట్టాలి, పైన రంగుతో "హోల్" అని పెద్ద అక్షరాలతో రాయాలి. బిగించని మూత కంటే మూత లేని రంధ్రమే నయమని మా ఫోర్‌మన్ అనేవాడు. రంధ్రం కనిపిస్తుంది, మూత మోసం చేస్తుంది. ఆ రాత్రి గదిలో నిద్ర పట్టలేదు. నాకు తెలిసిన విషయం నేను చెప్పలేదు. చేరి రెండు నెలలే కదా, నన్నెవరు వింటారు అనుకుని ఊరుకున్నాను. ఆ పిల్లవాడి తుంటిలో నా మౌనం కూడా ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు ఇంజినీర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. మంచివాడు, వెంటనే ఒప్పుకున్నాడు. అన్ని అంతస్తుల్లో మేకులు కొట్టించాము, ఎర్ర రంగుతో ఇంగ్లీషులో "హోల్" అని రాయించాము. వారం తిరక్కుండానే నాలుగో అంతస్తులో ఇద్దరు సుత్తి వెనక భాగంతో ఆ మేకులు పీకుతున్నారు. వాళ్ళకు ముక్క కావాలి. వాళ్ళకు ఇంగ్లీషు రాదు. మా సైటులో ఒడియా, భోజ్‌పురి, బెంగాలీ, తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు. చదవడం వచ్చినవాళ్ళు సగం మంది కూడా లేరు. దుబాయ్‌లో ఆ అక్షరం పనిచేసిందంటే దాని వెనక రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్ (టీబీటీ) ఉంది, చలానా ఉంది, పంపించేస్తారన్న భయం ఉంది. నేను అక్షరం ఒక్కటే తెచ్చాను.

దారి చూపించింది పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. స్లాబు ఊడ్చే పని ఆమెది. నేను ఆ ఇద్దరినీ కేకలేస్తుంటే చీపురు పక్కన పెట్టి అన్నది: "సారూ, మూడు బాటల కాడ దిష్టి తీసి పారేసిన నిమ్మకాయను ఎవరన్న తొక్కుతరా? ముట్టుకుంటరా? గట్ల గీయించున్రి."

పెయింటర్‌ను పిలిచాను. మూత మీద పసుపు రంగుతో గుండ్రంగా ఒక వలయం, నడుమ కోసిన నిమ్మకాయ రెండు ముక్కలు, వాటి మీద ఎర్రటి బొట్లు. ఇరవై నిమిషాల పని. ఆ రోజు నుంచి ఆ మూతలను ఎత్తడం మాట అటుంచి, వాటి మీద కాలు పెట్టడానికి కూడా ఎవరూ ఒప్పుకోలేదు. బిహార్ పిల్లలు "టోట్కా హై" (మంత్రం పెట్టారు) అని చుట్టూ తిరిగి పోయేవారు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఎందుకు గీశామో, కింద ఏముందో టీబీటీలో చెప్పేవాళ్ళం. భయం ఎక్కడిదో తెలిసినా కాలు మాత్రం పక్కకే పడేది. మేకులు దుబాయ్‌వి, బొమ్మ పాలమూరుది. ఇప్పుడు కోకాపేటలోనూ ఇదే చేస్తున్నాము.

అంబలి కథ కూడా ఇలాంటిదే. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు, అది అక్కడి నియమం. మా సైట్ల టాయిలెట్లలో మూత్రం రంగుల చార్టు అతికించి ఉండేది. నీ రంగు ఈ చివర ఉంటే నీళ్ళు చాలలేదు, తాగు అని. చదువు లేనివాడికి కూడా అర్థమయ్యే చార్టు అది. ఇక్కడ ఆ చార్టు పెట్టించగలిగాను. మే నెలలో పని వేళలు పొద్దున ఆరుకు జరిపించగలిగాను. కానీ ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కలిపిన నీళ్ళు ఎవరూ తాగలేదు, మందు వాసన అన్నారు. ఆ పెద్దావిడే మళ్ళీ చెప్పింది, జొన్న అంబలి కాచి ఉప్పేసి, మజ్జిగ కలిపి కుండల్లో పెట్టమని. ఇప్పుడు పదకొండు గంటలకు కుండ దించితే పావుగంటలో ఖాళీ అవుతుంది.

ఈ రెండు సంగతుల తర్వాత, బయటి నుంచి తెచ్చిన ఆలోచన ఇక్కడ ఎలా నిలబడుతుందన్నది నాకు కొంచెం అర్థమైంది. అప్పటి నుంచి చుట్టూ చూస్తే నా బతుకంతా అలాంటివే కనిపిస్తున్నాయి.

మా పొలం నిజాంసాగర్ కాలువ కింద ఉంది. మంజీర మీద ఆ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు కోసం కట్టారు. కట్టించిన ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. హైదరాబాద్‌లోనే పుట్టి, ఇక్కడి నిజాం కాలేజీలో చదివి, 1896లో సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీకి వెళ్ళాడు. బ్రిటిష్ ఇండియా పనులకు ఇంజినీర్లను తయారు చేయడానికి పెట్టిన కాలేజీ అది. చదువు అయ్యాక తిరిగి వచ్చి నిజాం సర్కారు కొలువులో చేరాడు. ఆయన పుట్టిన జూలై 11ను ఇప్పుడు తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుతున్నారు. మునిగిపోయిన ఊళ్ళ బాధ వేరే ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మా తాత తిన్న బువ్వ, మా నాయిన చేసిన వ్యవసాయం ఆ కాలువవే.

కాలువ ఒక్కటే సరిపోలేదు. మా వర్ని, కోటగిరి, బోధన్ వైపు "క్యాంపులు" అని ఊళ్ళుంటాయి. కాలువ వచ్చాక కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్ళు. డెల్టాలో కాలువ కింద వ్యవసాయం వాళ్ళకు ముందే తెలుసు. వరి మడి ఎలా కట్టాలో, చెరకు ఎలా పెట్టాలో క్యాంపు రైతుల గట్ల మీద నిలబడి చూసి నేర్చుకున్నానని మా తాత చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆయనకు అందులో చిన్నతనం ఏమీ కనిపించేది కాదు. "సూసి నేర్సుకున్న" అనే మాటను గర్వంగానే అనేవాడు.

రెండోది మా అమ్మ కళ్ళు.

మా అక్కను ముధోల్ పక్క ఊరికి ఇచ్చాము. అమ్మ అక్కడికి పోయినప్పుడు చూపు ఆనడం లేదని దగ్గర్లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళ విజన్ సెంటర్‌కు తీసుకెళ్ళారు. నేను సెలవుకు వచ్చి ఉన్నాను కాబట్టి నేనూ వెళ్ళాను. లోపల డాక్టర్ లేడు. ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఉంది, ఆ చుట్టుపక్కల ఊరి పిల్లే. "పెద్దమ్మా, గదువ ఈడ పెట్టు, నుదురు ఆనించు" అని యంత్రం ముందు కూర్చోబెట్టి చూసింది. ఎడమ కంట్లో పొర ముదిరిందని చెప్పి ముధోల్ ఆసుపత్రికి చీటీ రాసింది. అక్కడ ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు అమ్మ నా మొహం చూసి "నల్లగయినవ్ కొడకా" అన్నది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఆ అమ్మాయి గురించి తర్వాత తెలుసుకున్నాను. విజన్ టెక్నీషియన్ అంటారు. ఇంటర్ చదివిన ఊరి పిల్లలను తీసుకుని ఏడాది పాటు శిక్షణ ఇచ్చి, సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన చిన్న సెంటర్లలో కూర్చోబెడతారు. కళ్ళద్దాలు వాళ్ళే ఇస్తారు. పొర, ఇతర జబ్బులు గుర్తుపట్టి పై ఆసుపత్రికి పంపుతారు. దాని పైన ముధోల్ లాంటివి, ఆ పైన బంజారాహిల్స్‌లోని పెద్ద ఆసుపత్రి. డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో రోచెస్టర్‌లో కంటి డాక్టర్‌గా, ప్రొఫెసర్‌గా ఉండి, 1980లలో తిరిగి వచ్చారు. సినిమా రంగం పెద్దాయన ఎల్.వి. ప్రసాద్ గారు ఐదెకరాల భూమి, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో ఆసుపత్రి మొదలైంది. ముధోల్ సెంటర్ 1996లో వచ్చింది.

నన్ను ఆలోచింపజేసేది ఏంటంటే, రోచెస్టర్‌లో ఊరి పిల్ల విజన్ టెక్నీషియన్‌గా ఉండదు. అక్కడ కన్ను పరీక్షించడానికి ఏళ్ళ తరబడి చదివినవాళ్ళు ఉంటారు. ఆయన అక్కడి చూపును, అక్కడి నాణ్యతను తెచ్చారు. దాన్ని మోసే మనిషిని మాత్రం ఇక్కడే వెతుక్కున్నారు. మా అమ్మను "పెద్దమ్మా" అని పిలవగలిగే పిల్లను వెతికారు. అమ్మ ఆ రోజు కదలకుండా కూర్చున్నది ఆ పిలుపుకే.

హైదరాబాద్‌లో ఇలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. న్యూయార్క్‌లో రేడియాలజిస్టుగా ఉన్న కాకర్ల సుబ్బారావు గారు ఎన్టీఆర్ పిలిస్తే వచ్చి నిమ్స్ ఆసుపత్రిని నిలబెట్టారు. కృష్ణ ఎల్ల గారు అమెరికా నుంచి వచ్చి 1996లో టీకాలు తయారు చేసే భారత్ బయోటెక్ పెట్టారు. లాల్జీ సింగ్ గారు ఎడిన్‌బరోలో పనిచేసి 1987లో ఇక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థకు వచ్చారు, డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి ఇక్కడ ఆయన చేతుల మీదుగానే మొదలైంది. 1998లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ సెంటర్‌ను ఇక్కడ మొదలుపెట్టింది కూడా రెడ్‌మండ్ నుంచి వచ్చిన శ్రీని కొప్పోలు గారే. వీళ్ళ గురించి రాసేవాళ్ళు రాస్తూనే ఉన్నారు కాబట్టి నేను ఆగుతాను.

బయటి నుంచి వచ్చేవన్నీ మంచివి కావు. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. గల్ఫ్‌లో మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. పక్క లేబర్ క్యాంపులో జీతం మూడు నెలలు రాకపోతే పని ఆపినవాళ్ళను బస్సెక్కించి పంపించేశారు. ఎమిరేట్స్‌లో యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ వేసుకున్నామంటే మా ప్రాణం మీద మాకున్న అధికారంతో వేసుకోలేదు, ఆర్డర్ కాబట్టి వేసుకున్నాము. అక్కడి నుంచి వచ్చిన కొందరు సూపర్‌వైజర్లు ఆ అరుపును, బూతును, పనివాడి ఆధార్ కార్డు దగ్గర పెట్టుకునే అలవాటును కూడా ఇక్కడికి తెచ్చారు. ఒకతను నాతో "అన్నా, వీళ్ళతో అట్లుంటేనే పనయితది, దుబాయ్‌ల మనం చూడలేదా" అన్నాడు. చూశాము. మనం పడ్డాము కూడా. ఆ ఒక్కటి విమానంలోనే వదిలేసి దిగాలి తమ్మీ అని చెప్పాను. నా టీమ్‌లో ఎవరి కార్డూ ఎవరి దగ్గరా ఉండదు. పరంజా బాగా లేదనిపిస్తే ఎంత చిన్న హెల్పరైనా ఎక్కనని చెప్పవచ్చు, ఆ రోజు హాజరు పోదు. ఇది ఒప్పించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

జీతం బ్యాంకులోనే పడాలన్న అక్కడి పద్ధతి మాత్రం తెచ్చుకోదగినది. ఎమిరేట్స్‌లో 2009లో అది మొదలయ్యాక మా క్యాంపులో జీతాల గొడవలు కళ్ళ ముందే తగ్గాయి. ఇక్కడ మా మేస్త్రీలు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

2024లో మన ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని నిర్ణయించింది. మంచి పని. శంషాబాద్ కార్గో గేటు దగ్గర పెట్టె కోసం ఎదురుచూసిన కుటుంబాలతో నేను రెండుసార్లు నిలబడ్డాను, ఆ డబ్బు విలువ నాకు తెలుసు. నా బాధ బతికి వచ్చినవాళ్ళ గురించి. కేరళలో ప్రవాసుల కోసం నోర్కా అని 1996 నుంచే ఒక శాఖ ఉంది, తిరిగి వచ్చినవాళ్ళు సొంతంగా ఏదైనా పెట్టుకోవడానికి అప్పులు ఇప్పిస్తుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళలో వెల్డింగ్, ఏసీ, క్రేన్, లిఫ్టు, వంట, తోటపని తెలిసినవాళ్ళు వాకిట్లో కూర్చుని ఉన్నారు. నేను తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్తే, దుబాయ్‌లో ఇచ్చిన పరంజా ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ పక్కన పెట్టి డిగ్రీ ఉందా అని అడిగారు. లేదు. పరంజా మేస్త్రీగా చేరాను.

అందుకని రెండేళ్ళ కింద ఒక పని మొదలుపెట్టాను. సైటులో, బస్సులో, ఊళ్ళో, గల్ఫ్ నుంచి వచ్చినవాడు ఎవరు కలిసినా "ఏం నేర్సుకున్నవ్?" అని అడిగి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మొదట అందరూ ఒకే మాట అంటారు: "మేమేం నేర్సుకుంటమన్నా, కూలి చేసినం." కాసేపు కూర్చుంటే మొదలవుతుంది. ఒకతను కువైట్‌లో పెద్ద వంటశాలలో చేశాడు, వండిన అన్నం ఎంతసేపు ఏ వేడిలో ఉంచాలో వివరంగా చెప్పాడు. ఇప్పుడు మా సైటు లేబర్ క్యాంపు వంటమనిషి దాన్నే పాటిస్తున్నాడు. ఎండాకాలంలో కడుపునొప్పులు తగ్గాయి.

పోయిన నెల సిరిసిల్ల అతను ఒకడు కలిశాడు. ఒమన్‌లో నిజ్వా దగ్గర ఖర్జూరం తోటలో పదేళ్ళు చేశాడట. అక్కడ ఫలజ్ అని పాతకాలపు నీటి కాలువలు ఉంటాయి. కొండల కింది నీళ్ళు ఊరి తోటలన్నిటికీ పారుతాయి. ఆ నీళ్ళను పంచుకోవడం గురించి అతను గంటసేపు చెప్పాడు. ఎవరి వంతు ఎంతసేపో పగలు నేలలో పాతిన కర్ర నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్కపెట్టుకునేవారట. వంతులన్నీ ఊరందరికీ తెలిసేలా ఉంటాయి. వంతు అమ్ముకోవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు, దొంగిలించడం మాత్రం కుదరదు. "మన కాలువ కాడ రాత్రి తూము ఎత్తుకపోయినట్టు ఆడ కాదన్నా, అందరు చూస్తుంటరు" అన్నాడు. కర్ర ఎక్కడ పాతుతారో, గీతలు ఎలా ఉంటాయో నా నోట్‌బుక్‌లోనే గీసి చూపించాడు.

మా పొలం కాలువ చివర్లో ఉంది. యాసంగిలో పై రైతులు తూములు మూయకపోతే మాకు నీళ్ళు రావు. మా తాత కాలంలో వంతులు చూసే నీరడి ఉండేవాడు, ఇప్పుడు లేడు. పోయిన ఏడు ఈ గొడవలోనే మా చిన్నాయన తల పగిలింది.

వచ్చే ఆదివారం ఊళ్ళో కాలువ రైతుల మీటింగ్ ఉంది. సిరిసిల్ల అతన్ని కూడా రమ్మన్నాను, బస్సు కిరాయి నేనిస్తానన్నాను. క్యాంపు రైతుల ఊరి నుంచి కూడా ఇద్దరు పెద్దవాళ్ళు వస్తామన్నారు. కర్ర నీడ మా కాలువకు సరిపోతుందో, ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు పెట్టి వంతులు రాస్తే చాలంటారో వాళ్ళే తేల్చుకుంటారు. శనివారం రాత్రి జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో బస్సెక్కుతున్నాము.